ఢిల్లీ అజమాయిషీ మన ఊరిదాకా ఎలా వస్తుంది?

పల్లెల అభివృద్ధి పథకాలను కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖ ఎలా పర్యవేక్షిస్తుందో వివరించమని కోరుతూ నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు ఉత్తరాలు రాశారు. రోడ్డు, కూలి, పింఛను, మంచినీళ్లు అంటూ ఎవరి సమస్య వారు చెప్పుకున్నా, అందరి సందేహం ఒక్కటే: డబ్బు ఢిల్లీ నుంచి వస్తున్నప్పుడు, ఊళ్లో తప్పు జరిగితే పట్టుకోవలసింది ఎవరు? ఈసారి శీర్షికను ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ కార్యాలయం మా జిల్లాలో ఎక్కడా కనిపించదు. మరి అంత దూరం నుంచి ఆ శాఖ పనులను ఎలా గమనిస్తుంది? పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ, ఇదీ ఒకటేనా?
– ఒక డిగ్రీ విద్యార్థిని, ఒంగోలు

జవాబు: మీరు గమనించింది సరైనదే. జిల్లాలోనూ మండలంలోనూ ఈ పథకాలు నడిపే సిబ్బంది ఆ శాఖ ఉద్యోగులు కారు. కలెక్టరు, డ్వామా (జిల్లా నీటి యాజమాన్య సంస్థ) పీడీ, డీఆర్‌డీఏ (జిల్లా గ్రామీణాభివృద్ధి సంస్థ) పీడీ, పంచాయతీరాజ్ ఇంజినీర్లు, ఎంపీడీవో అందరూ రాష్ట్ర ప్రభుత్వ యంత్రాంగంలోని వారే. పంచాయతీలు రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాల జాబితాలోని అంశం కాబట్టి, ఢిల్లీ నుంచి ఒక ఉత్తర్వు నేరుగా ఎంపీడీవో బల్ల మీదికి రావడం సాధారణంగా జరగదు. అది రాష్ట్ర ప్రభుత్వం ద్వారానే రావాలి. అందువల్ల కేంద్ర శాఖకు ఉన్న పట్టు ప్రధానంగా రెండింటి మీద ఆధారపడి ఉంటుంది: తాను రాసే మార్గదర్శకాలు, తాను విడుదల చేసే సొమ్ము.

ఆ సొమ్మును కేంద్రం ఒక్కసారిగా ఇవ్వదు, విడతలుగా విడుదల చేస్తుంది. మొదటి విడత ఖర్చయిందని వినియోగ ధ్రువపత్రం, దానితోపాటు ఆడిట్ నివేదిక రాష్ట్రం పంపితే తప్ప తరువాతి విడత కదలదు. ఖర్చయిన సొమ్ము జాడ తెలియడానికి ప్రతి పథకానికీ ఒక ఆన్‌లైన్ వ్యవస్థ ఉంది. ఉపాధి పనిలో మస్టరు (కూలీల హాజరు పట్టీ), గృహ నిర్మాణంలో పునాది నుంచి పైకప్పు దాకా ఒక్కొక్క దశ ఫొటో, గ్రామీణ రోడ్డులో పొడవు, అంచనా, తనిఖీ నివేదిక అన్నీ అందులోకి ఎక్కవలసిందే. ఇవి కాక, పదవీ విరమణ చేసిన సివిల్, సైనికాధికారులు, ఇతర నిపుణులతో జాతీయ స్థాయి పరిశీలకుల జాబితా ఒకటి మంత్రిత్వ శాఖ వద్ద ఉంటుంది. వారిని జిల్లాలకు పంపి ఊళ్లు చూసి నివేదిక ఇమ్మంటారు, తీవ్రమైన ఫిర్యాదు వచ్చినప్పుడు విచారణకూ పంపుతారు. ఇంతమందిని గమనించే శాఖను గమనించడానికి పార్లమెంటు స్థాయీ సంఘం ఉంది, ప్రభుత్వ ఖర్చును ఆడిట్ చేసే కాగ్ ఉంది. ఏటా బడ్జెట్ పద్దులు వచ్చినప్పుడు మంజూరైన సొమ్ము ఎందుకు మిగిలిందో, ఎక్కడ ఆగిందో స్థాయీ సంఘం ఆ శాఖ అధికారులను కూర్చోబెట్టి అడుగుతుంది.

ఇక రెండో సందేహం. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకంతో మొదలైన పని 1974లో కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రిత్వ శాఖలో గ్రామీణాభివృద్ధి విభాగంగా రూపుదిద్దుకుంది. 1979లో అది గ్రామీణ పునర్నిర్మాణం పేరుతో విడి మంత్రిత్వ శాఖ అయింది, 1982లో గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖగా పేరు మార్చుకుంది. ఇప్పుడు అందులో గ్రామీణాభివృద్ధి, భూ వనరులు అని రెండు విభాగాలున్నాయి. మెట్ట ప్రాంతాల వాటర్‌షెడ్ పనులు, భూమి రికార్డుల కంప్యూటరీకరణ భూ వనరుల విభాగం కిందికి వస్తాయి. పంచాయతీరాజ్ మంత్రిత్వ శాఖ 2004లో వేరుపడింది. మన రాష్ట్రంలో పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి శాఖలు ఒకే మంత్రి చేతిలో ఉండడం వల్ల ఢిల్లీలోనూ రెండూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. ఆర్థిక సంఘం నిధులు పంచాయతీ ఖాతాకు రాలేదని గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖకు రాసే సర్పంచులున్నారు. ఆ ఉత్తరం చేరవలసిన చోటు అది కాదు.

ఈ ఏర్పాటు గురించి నా అభిప్రాయం కూడా చెప్పడం అవసరం. రూపాయి ఎప్పుడు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు వెళ్లిందో ఢిల్లీకి నిమిషాల మీద తెలుస్తుంది. ఆ రూపాయితో కట్టిన గట్టు వానకు నిలిచిందో లేదో తెలియదు. ఎక్కించిన సమాచారం నిజమో కాదో తేల్చగలిగినవారు ఆ ఊళ్లోనే ఉన్నారు. కింది ప్రశ్నలన్నింటికీ నేను ఇచ్చే జవాబుల్లో గ్రామసభ మాట మళ్లీ మళ్లీ రావడానికి కారణం అదే.

ప్రశ్న: మా ఊరి నుంచి ఉదయగిరి రోడ్డుకు కలిపే తారురోడ్డు వేసి మూడేళ్లు కాలేదు, అప్పుడే గుంతలు పడ్డాయి. మండలంలో అడిగితే అది కేంద్ర పథకం అంటున్నారు. ఢిల్లీకి రాయాలా? రాస్తే ఎవరైనా వచ్చి చూస్తారా?
– ఒక రైతు, ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా

జవాబు: మొదట ఆ రోడ్డు ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిందేనా అన్నది తేల్చుకోండి. పల్లెలో కనిపించే రోడ్లలో ఆర్ అండ్ బీ వారివి, జిల్లా పరిషత్తువి, ఉపాధి హామీ మెటీరియల్ నిధులతో వేసిన సిమెంటు రోడ్లు కూడా ఉంటాయి. ఒక్కొక్క దానికి అజమాయిషీ వేరు. సడక్ యోజన రోడ్డయితే మొదట్లో పథకం పేరున్న బోర్డు ఉండాలి. రోడ్డు పేరు, పొడవు, అంచనా విలువ, కాంట్రాక్టరు పేరు, పని మొదలైన తేదీ, పూర్తయిన తేదీ, నిర్వహణ గడువు అందులో కనిపిస్తాయి. దీనితోపాటు పౌర సమాచార ఫలకం మరొకటి స్థానిక భాషలో పెట్టాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. అడుగున ఏ పొర ఎంత మందం, కంకర ఎంత, తారు ఎంత అన్నది సామాన్యుడికి అర్థమయ్యేలా అందులో ఉండాలి. బోర్డు దగ్గరికి వెళ్లి ఫొటో తీసుకోండి. అక్షరాలు చెరిగిపోయి ఉంటే ఆ సంగతే మీ మొదటి ఫిర్యాదు కావచ్చు.

2000 డిసెంబరు 25న మొదలైన ఈ పథకంలో నాణ్యతను మూడు అంచెల్లో చూస్తారు. మొదటి అంచె పని చేయించే ఇంజినీర్లదే. మన రాష్ట్రంలో వీరు పంచాయతీరాజ్ ఇంజినీరింగ్ విభాగం వారు. పని జరిగే చోటే పరీక్షలు చేసి రిజిస్టర్లలో రాయాలి. రెండో అంచెలో రాష్ట్ర నాణ్యతా పరిశీలకులు వచ్చి చూస్తారు. మూడో అంచెలో జాతీయ నాణ్యతా పరిశీలకులు వస్తారు. వీరిలో ఎక్కువమంది పదవీ విరమణ చేసిన సీనియర్ ఇంజినీర్లు. కేంద్ర మంత్రిత్వ శాఖ కింద ఉన్న జాతీయ గ్రామీణ మౌలిక సదుపాయాల అభివృద్ధి సంస్థ వారిని ఎంపిక చేసి, ఎవరు ఏ రాష్ట్రానికి వెళ్లాలో నిర్ణయిస్తుంది. వారు రోడ్డును అక్కడక్కడా తవ్వించి పొరల మందం కొలుస్తారు, పక్కల బెర్ములు (రోడ్డు అంచున ఉండే మట్టి భాగం), కల్వర్టులు చూస్తారు. చివరకు పని సంతృప్తికరమనో, సరిదిద్దవలసి ఉందనో, అసంతృప్తికరమనో గ్రేడు ఇచ్చి ఫొటోలతో సహా ఆన్‌లైన్‌లో పెడతారు. ఢిల్లీ నుంచి వచ్చి చూసేది వీరే. అయితే దేశంలోని ప్రతి రోడ్డునూ చూడరు, ఎంపిక చేసిన వాటినే చూస్తారు. ఫిర్యాదు ఉన్న రోడ్డును ప్రత్యేకంగా చూడమని వారిని పంపే వీలుంది.

మీకు ఎక్కువగా పనికివచ్చే నిబంధన ఇంకొకటి ఉంది. ఈ పథకం రోడ్డు వేసిన కాంట్రాక్టరు అయిదేళ్లపాటు దాన్ని బాగుచేస్తూ ఉండాలన్న షరతు మొదటి ఒప్పందంలోనే ఉంటుంది. ఆ నిర్వహణ సొమ్ము రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వాలి. మీ రోడ్డుకు మూడేళ్లు నిండలేదంటున్నారు. అంటే గుంతలు పూడ్చే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నే లేదు, అది ఆ కాంట్రాక్టరుది. చేయించవలసిన బాధ్యత పంచాయతీరాజ్ ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు)ది. అందుచేత ఢిల్లీకి రాసే ముందు ఈఈకి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి. ‘మేరీ సడక్’ అనే మొబైల్ యాప్ 2015 నుంచి ఉంది. గుంత దగ్గర నిలబడి ఫొటో తీసి అందులో పెడితే ఫిర్యాదు నమోదై, సంబంధిత అధికారి జవాబు చెప్పవలసి వస్తుంది.

సర్పంచులకు కూడా ఒక మాట. ఈ పథకం మార్గదర్శకాల ప్రకారం సూపరింటెండింగ్ ఇంజినీరు ఆరు నెలలకొకసారి ఎంపీని, ఈఈ మూడు నెలలకొకసారి ఎమ్మెల్యేనో మండల పరిషత్ అధ్యక్షుణ్నో, ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) రెండు నెలలకొకసారి సర్పంచిని తమతో కలిసి రోడ్డు తనిఖీకి రమ్మని కోరాలి. ఈ సంగతి తెలిసిన సర్పంచులు చాలా తక్కువ. ఏఈ పిలవకపోతే, ‘మీరు నన్ను పిలవవలసి ఉంది, ఫలానా రోజు వస్తాను’ అని సర్పంచే ఉత్తరం రాయవచ్చు. 2024 సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ పథకం నాలుగో దశను 70,125 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదించింది. 25,000 ఆవాసాలకు 62,500 కిలోమీటర్ల రోడ్లు వేయాలన్నది లక్ష్యం. రోలరు వెళ్లిపోయాక గుంతల గురించి రాసే ఉత్తరం కంటే, కంకర పరుస్తున్న రోజున సర్పంచి పక్కన నిలబడి చూసే తనిఖీ విలువైనది.

ప్రశ్న: నిరుడు వేసవిలో చెరువు పూడికతీత పనికి వెళ్లాము. రెండు పూటలా ఫోనులో ఫొటో తీయాలన్నారు. సిగ్నల్ అందక ఫొటో ఎక్కలేదని రెండు రోజుల కూలి వేయలేదు. పక్క ఊళ్లో మాత్రం పనికి రానివాళ్ల పేరుతో కూడా డబ్బు పడిందంటున్నారు. ఢిల్లీ పెట్టిన ఈ ఫొటో వల్ల ఎవరికి మేలు? కొత్త చట్టం వచ్చాక మా సంగతేమిటి?
– ఉపాధి కూలీలైన మహిళలు, కలిగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా

జవాబు: మీ ఉత్తరం ఈ శీర్షికకు వచ్చిన వాటన్నిటిలో ముఖ్యమైనది. ఎండలో మట్టి మోసి, ఆ మట్టికి కొలతలు కూడా ఇచ్చి, చివరికి ఫోను కారణంగా కూలి పోగొట్టుకోవడం అన్యాయం. అది నిబంధనలకు కూడా విరుద్ధం.

2023 జనవరి 1 నుంచి, వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా మిగతా ఉపాధి పనులన్నింటి దగ్గర మొబైల్ యాప్‌లో రోజుకు రెండుసార్లు ఫొటోతో హాజరు వేయడాన్ని కేంద్ర మంత్రిత్వ శాఖ తప్పనిసరి చేసింది. సిగ్నల్ లేనిచోట మేట్ (కూలీల హాజరు చూసే వ్యక్తి) ఫొటో తీసి ఉంచుకుని, సిగ్నల్ దొరికిన చోటికి వచ్చాక ఎక్కించవచ్చు. అలా కూడా కుదరని అసాధారణ పరిస్థితుల్లో హాజరును చేత్తో నమోదు చేయించే అధికారం జిల్లా కార్యక్రమ సమన్వయకర్తకు, అంటే కలెక్టరుకు, ఇచ్చారు. మీ మేట్ గానీ ఫీల్డ్ అసిస్టెంట్ గానీ ఆ రోజే మండలంలో ఉపాధి పనులు చూసే ఏపీవోకు చెప్పి, అక్కడి నుంచి జిల్లాకు పంపించి ఉంటే మీ రెండు రోజుల కూలి నిలిచేది. ఆ రెండు తేదీలు, పని పేరు, జాబ్‌కార్డు నంబర్లు, మీతో పనిచేసినవారి సంతకాలు లేదా వేలిముద్రలతో ఎంపీడీవోకు అర్జీ ఇవ్వండి. అదే కాగితం నకలు డ్వామా పీడీకి పంపండి.

పక్క ఊరి సంగతికి వస్తే, ఫొటో వల్ల దొంగ హాజరు పూర్తిగా ఆగలేదన్నది మంత్రిత్వ శాఖే ఒప్పుకున్న విషయం. 2025 జులైలో రాష్ట్రాలకు పంపిన లేఖలో ఆ శాఖ, పనికి సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారని, పాత ఫొటోను మళ్లీ ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, ఫొటోలో ఉన్నవారి సంఖ్యకూ మస్టరులో ఉన్న సంఖ్యకూ పొంతన ఉండడం లేదని స్వయంగా రాసింది. గ్రామ పంచాయతీ స్థాయిలో ప్రతి ఫొటోనూ సరిచూడాలని ఆదేశించింది. నిజంగా పనిచేసిన ఆడవాళ్లు సిగ్నల్ లేక కూలి పోగొట్టుకుంటుంటే, పని చేయనివారు ఫొటోకు ఫొటో తీసి డబ్బు తీసుకుంటున్నారు. కెమెరా ఎంత మంచిదైనా, ఎదురుగా ఉన్నది మనిషో కాగితమో చెప్పడానికి పక్కన మరో మనిషి కావాలి.

ఆ మనిషికి చోటు చట్టంలోనే ఉంది. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ పనులన్నింటినీ సామాజిక తనిఖీ చేసే అధికారం గ్రామసభకు ఇచ్చింది. ఆరు నెలలకొకసారి అది జరగాలని 2011 నాటి నిబంధనలు చెబుతున్నాయి. దేశంలో ఈ పనికి దారి చూపింది మన రాష్ట్రమే. ఇందుకోసం విడిగా ఒక సంస్థను 2009లోనే ఏర్పాటు చేసుకున్నాము. తనిఖీ ఎలా ఉంటుందో ఒకసారి మనసు పెట్టి చూడండి. బృందం ఊరికి వచ్చి మస్టర్ల నకళ్లు చేతబట్టుకుని ఇంటింటికీ తిరుగుతుంది. గడప దగ్గర నిలబడి, ‘ఫలానా వారం ఆరు రోజులు పనికి వెళ్లావని ఉంది, వెళ్లావా? ఇంత డబ్బు ముట్టిందని ఉంది, ముట్టిందా?’ అని అడిగి, చెప్పింది రాసుకుని, చదివి వినిపిస్తుంది. మరునాడు టేపు పట్టుకుని చెరువులోకి దిగి గుంటల పొడవు, వెడల్పు, లోతు కొలిచి ఎం-బుక్ (కొలతల పుస్తకం)లో రాసిన కొలతతో పోలుస్తుంది. తేలిన సంగతులు గ్రామసభలో చదువుతారు, తరువాత మండల కేంద్రంలో ప్రజావేదిక పెట్టి అధికారుల సమక్షంలో మళ్లీ చదువుతారు. మస్టరులో పేరున్న మనిషి లేచి ‘ఆ వారం నేను ఊళ్లోనే లేను’ అంటే, దానికి ఎదురు చెప్పగల రికార్డు ఏదీ ఉండదు. తిన్న సొమ్ము తిరిగి కట్టించడంలో మాత్రం ఈ వ్యవస్థ మందకొడిగా ఉందన్నది నిజం. అయినా మీ రెండు రోజుల కూలిని, పక్క ఊరి దొంగ మస్టర్లను ఒకేచోట బయటపెట్టగలిగింది ఇదొక్కటే. తనిఖీ బృందం వచ్చిన రోజు మీలో ఒక్కరైనా ఇంటి దగ్గర ఉండండి.

ఆలస్యం సంగతి కూడా చెప్పాలి. మస్టరు ముగిసిన పదిహేను రోజుల్లో కూలి పడకపోతే, పదహారో రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలని ఆ చట్టంలో ఉంది. రెండు వేల రూపాయల కూలికి రోజుకు ఒక రూపాయి అన్నమాట. మొత్తం చిన్నదే. కానీ ఆలస్యానికి కారణం ఎవరో రాతలో తేలాలంటే దాన్ని అడగాలి.

తప్పులు మరీ పెద్దవైతే కేంద్రం ఏం చేయగలదు? ఆ చట్టం 27వ సెక్షన్ కింద ఒక రాష్ట్రానికి నిధులు ఆపగలిగేది. 2022 మార్చిలో పశ్చిమ బెంగాల్‌కు అలాగే ఆపారు. ఏళ్ల తరబడి పనులు నిలిచిపోయి, 2025లో కలకత్తా హైకోర్టు తిరిగి మొదలుపెట్టమని ఆదేశించవలసి వచ్చింది. తప్పు చేసినవారి కంటే కూలీలే ఎక్కువ నష్టపోయారు. పర్యవేక్షణ పేరుతో వాడదగిన ఆయుధాల్లో ఇది చిట్టచివరిది కావాలని నేను గట్టిగా నమ్ముతాను.

కొత్త చట్టం గురించి అడిగారు. 2005 నాటి చట్టం స్థానంలో ‘వికసిత భారత్’ పేరుతో కొత్త ఉపాధి చట్టాన్ని పార్లమెంటు 2025 డిసెంబరులో ఆమోదించింది. పనిదినాలు 100 నుంచి 125కు పెరిగాయి. వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉండే రోజుల్లో ఏడాదికి మొత్తం 60 రోజుల వరకు ఈ పనులు ఆపే వీలు కల్పించారు. మనకు అన్నిటికంటే ముఖ్యమైన మార్పు సొమ్ములో ఉంది. పాత చట్టంలో కూలీల వేతనమంతా కేంద్రమే భరించేది, ఇప్పుడు మనలాంటి రాష్ట్రాల్లో కేంద్రానికి 60, రాష్ట్రానికి 40 పాళ్లు. సామాజిక తనిఖీ కొత్త చట్టంలో కూడా ఉంది. మీరు చెప్పిన రెండు రోజులు నిరుటివి కాబట్టి వాటికి పాత చట్టమే వర్తిస్తుంది, చట్టం మారిందన్న కారణంతో మీ అర్జీని తిప్పి పంపడానికి వీల్లేదు.

ప్రశ్న: మా అమ్మగారికి నెలకు నాలుగు వేల రూపాయల పింఛను వస్తోంది. ఇది కేంద్రం ఇస్తున్నదని ఒకరు, రాష్ట్రం ఇస్తున్నదని ఒకరు వాదిస్తున్నారు.
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది, అయితే పాళ్లలో చాలా తేడా ఉంది. 1995 ఆగస్టు 15న మొదలైన జాతీయ సామాజిక సహాయ కార్యక్రమాన్ని గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖే చూస్తుంది. అందులో దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న 60 నుంచి 79 ఏళ్లవారికి నెలకు 200, ఎనభై దాటినవారికి 500 రూపాయలు కేంద్రం ఇస్తుంది. అది కూడా రాష్ట్రానికి కేంద్రం నిర్ణయించిన లబ్ధిదారుల సంఖ్య మేరకే. 2024 జులై నుంచి రాష్ట్రం ఇస్తున్న 4,000లో మిగిలినదంతా రాష్ట్ర ఖజానాదే. మీ అమ్మగారు కేంద్రం లెక్కలో లేకపోతే మొత్తం నాలుగు వేలూ రాష్ట్రానివే. ఆ 200 రూపాయలను పెంచాలని పార్లమెంటు స్థాయీ సంఘం పదే పదే సిఫారసు చేసింది. ఇన్నేళ్లుగా కదలని ఆ అంకె వృద్ధుల పట్ల న్యాయం కాదు.

ప్రశ్న: నేను వార్డు సభ్యురాలిని. జిల్లాలో ‘దిశ’ సమావేశం జరిగిందని పత్రికల్లో చదువుతుంటాను. మాలాంటివారి సమస్య అక్కడికి చేరే మార్గం ఉందా?
– ఒక వార్డు సభ్యురాలు, కొండపి ప్రాంతం, ప్రకాశం జిల్లా

జవాబు: ఉంది. జిల్లా అభివృద్ధి సమన్వయ, పర్యవేక్షణ కమిటీని క్లుప్తంగా దిశ అంటున్నారు. అంతకుముందు ఉన్న నిఘా, పర్యవేక్షణ కమిటీల స్థానంలో 2016లో కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వ శాఖ దీన్ని ఏర్పాటు చేసింది. లోక్‌సభ సభ్యుడు అధ్యక్షుడు, కలెక్టరు సభ్య కార్యదర్శి. ఎమ్మెల్యేలు, జిల్లా పరిషత్ అధ్యక్షులు, కొందరు సర్పంచులు సభ్యులు. మూడు నెలలకొకసారి సమావేశం కావాలి. గ్రామీణాభివృద్ధి శాఖవే కాక, ఇతర మంత్రిత్వ శాఖల పథకాలను కూడా అందులో సమీక్షిస్తారు.

ఈ కమిటీ ఒక విషయాన్ని విచారణకు పంపితే కలెక్టరు లేదా సంబంధిత అధికారి 30 రోజుల్లో చర్య మొదలుపెట్టాలని మార్గదర్శకాల్లో ఉంది. ఆచరణలో మాత్రం శాఖల వారీగా అంకెలు చదివి వినిపించడంతోనే పూట గడిచిపోయే సందర్భాలు ఎక్కువ. అంకెలకు ఎదురు నిలిచేది ఒక ఊరి పేరు, ఒక పని పేరు, ఒక తేదీ ఉన్న కాగితం మాత్రమే. మీ సమస్యను ఒకే పేజీలో రాసి, సమావేశానికి ముందే మీ ఎమ్మెల్యేకు గానీ కమిటీలో ఉన్న సర్పంచికి గానీ ఇచ్చి, మినిట్స్‌లో నమోదు చేయించమని అడగండి. నమోదైన అంశం మీద ఏం చేశారో తరువాతి సమావేశంలో చెప్పవలసి ఉంటుంది.

ప్రశ్న: మా ప్రాంతపు ఫ్లోరైడ్ నీటి సమస్యపై కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రికి వినతిపత్రం పంపదలచాము. చిరునామా ఇవ్వగలరా?
– యువజన సంఘ సభ్యులు, కనిగిరి

జవాబు: తాగునీరు ఇప్పుడు ఆ మంత్రి పరిధిలో లేదు. ఒకప్పుడు గ్రామీణాభివృద్ధిలో భాగంగా ఉన్న ఈ విభాగం తరువాత వేరుపడి, 2019లో ఏర్పడిన జలశక్తి మంత్రిత్వ శాఖలో కలిసింది. జల్ జీవన్ మిషన్ ఆ శాఖదే. వినతిపత్రంతోపాటు మీ బోర్ల నీటి పరీక్ష ఫలితాలు జతచేయండి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతి. ఆ పరీక్షను ఆర్‌డబ్ల్యూఎస్ (గ్రామీణ నీటి సరఫరా విభాగం) ప్రయోగశాలలో చేయించుకోవచ్చు. ఎముకలు వంగిపోయిన పెద్దల ఫొటోలు పంపడం కంటే, ఒక్కొక్క బోరు ఫలితం తేదీతో సహా పంపితే ఫైలు త్వరగా కదులుతుంది.

ప్రశ్న: మా డ్వాక్రా సంఘాల మీద కూడా ఢిల్లీ అజమాయిషీ ఉందా?
– ఒక గ్రామ సమాఖ్య సభ్యురాలు, వింజమూరు ప్రాంతం

జవాబు: ఉంది, కానీ ఈ విషయంలో ఢిల్లీయే మన దగ్గర నేర్చుకుంది. 1992లో మీ పక్కనే ఉన్న దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. ఆ ఉద్యమం జిల్లాను, తరువాత రాష్ట్రాన్ని కదిలించి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం తెచ్చింది. సారాకు పోయే డబ్బును దాచుకుందామని నెల్లూరు జిల్లా మహిళలు రోజుకు రూపాయి చొప్పున మొదలుపెట్టిన పొదుపు సంఘాలు, అంతకుముందే ఉన్న డ్వాక్రాతో కలిసి పెద్ద వ్యవస్థ అయ్యాయి. 2000లో సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) ఏర్పడింది. 2011లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్‌ను ప్రారంభించినప్పుడు, ఇతర రాష్ట్రాలకు నేర్పే బాధ్యతను సెర్ప్‌కు కూడా అప్పగించింది. మన సంఘ సభ్యురాళ్లే ఉత్తరాది పల్లెలకు వెళ్లి అక్కడి ఆడవాళ్లతో సంఘాలు పెట్టించారు.

ఇక్కడ పర్యవేక్షణ పైనుంచి కిందికి కాక, సంఘం నుంచి గ్రామ సమాఖ్యకు, అక్కడి నుంచి మండల సమాఖ్యకు నడుస్తుంది. క్రమం తప్పని సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, సకాలంలో తిరిగి చెల్లింపు, పుస్తకాల నిర్వహణ అనే పంచసూత్రాలను బట్టి సంఘానికి గ్రేడు ఇస్తారు. మిగతా పథకాల్లో మనం వెతుక్కుంటున్న ఊరి కన్ను ఇందులో మొదటి రోజు నుంచీ ఉంది. మీ సమాఖ్య పుస్తకాలు రాసే బాధ్యతను ఒక్కరికే వదిలిపెట్టకండి. లెక్క చదివించుకుని వినే అలవాటు పోతే, ఆన్‌లైన్‌లో ఎంత ఎక్కించినా ప్రయోజనం లేదు.

ప్రశ్న: పనుల వివరాలు అడిగితే ‘అన్నీ ఆన్‌లైన్‌లో ఉన్నాయి, చూసుకోండి’ అంటున్నారు. మాకు కంప్యూటరు రాదు. కాగితం మీద ఇవ్వరా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, దర్శి

జవాబు: ఇవ్వాలి. సమాచార హక్కు చట్టం కింద అడిగితే, ఆన్‌లైన్‌లో ఉందన్న జవాబుతో సరిపెట్టకుండా నకలు ఇమ్మని కోరే హక్కు మీకుంది. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై కార్యాలయాల్లో 10 రూపాయలు. తెల్లరేషను కార్డు చూపి దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు రుజువు చేసుకున్నవారికి అదీ ఉండదు. ‘అన్ని పనుల వివరాలు’ అని రాయకండి. ఫలానా పని ఎం-బుక్ నకలు, ఫలానా వారం మస్టరు, ఫలానా రోడ్డు తనిఖీ నివేదిక అని విడివిడిగా అడగండి. 30 రోజుల్లో సమాధానం రాకపోతే, ఆ గడువు ముగిసిన 30 రోజుల్లోగా అదే శాఖలోని అప్పీలు అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు. ఎంపీడీవో కార్యాలయంలో ఆ అధికారి ఎవరో గోడ మీది బోర్డులో రాసి ఉండాలి. లేకపోతే దరఖాస్తులో మొదటి ప్రశ్నగా అదే అడగండి.